పాప పుట్టాక పెళ్ళి జాకెట్ పట్టడం లేదు, మాఘంలో తమ్ముడి లగ్గం

మిర్యాల_అమ్మాయి
అందరికీ నమస్తే. మా పుట్టిల్లు మిర్యాలగూడ, అత్తగారిది నల్లగొండ. పాపకు ఏడో నెల నడుస్తోంది. కాన్పు ఆపరేషన్‌తో అయింది. మాఘంలో మా తమ్ముడి లగ్గం. మా అమ్మ, అత్తమ్మ ఇద్దరూ ఈసారి ఒకే మాట మీద ఉన్నారు (ఇది చాలా అరుదు): నా పెళ్ళి పట్టుచీరే కట్టుకోవాలట. ఎర్ర గద్వాల పట్టు, ఆకుపచ్చ అంచు. పెళ్ళికొడుకు అక్కను, ఆడబిడ్డ కట్నం తీసుకునేది నేనే, ఫొటోలన్నిట్లో ఉంటాను.

చీరతో గొడవ లేదు, అది ఎవరికైనా సరిపోతుంది. చిక్కంతా జాకెట్‌తోనే. ఆకుపచ్చ రా సిల్క్, చేతుల నిండా మగ్గం వర్క్. నిన్న వేసుకోబోతే చెయ్యి మోచేతి పైకి ఎక్కలేదు. ఎలాగో ఎక్కించాక వెనక హుక్కుల మధ్య నాలుగు వేళ్ళ సందు. పెళ్ళప్పటి కంటే తొమ్మిది కిలోలు ఎక్కువున్నాను. పాపకు ఇంకా నా పాలే, ఈ మధ్యే రాగి జావ మొదలుపెట్టాం. చేతిలో రెండున్నర నెలలు ఉన్నాయి. నేను తగ్గాలా, జాకెట్ విప్పించాలా, కొత్తది కుట్టించాలా? అన్నీ చెప్పండి, తిట్టడం తప్ప.

పాలమూరు_వదిన
చెల్లె, ముందు ఒకటి చెప్పు. జాకెట్ పట్టలేదని నీకే బాధగా ఉందా, లేక అమ్మకూ అత్తమ్మకూ ఏం చెప్పాలో తెలియక టెన్షనా? నాకు ఇద్దరు పిల్లలు. పెద్దోడు పుట్టిన ఏడాదికి మా ఆడబిడ్డ పెళ్ళిలో నన్ను చూసినవాళ్ళందరూ "లావైనవ్" అనే పలకరించారు. "బాగున్నావా" అన్నవాళ్ళు తక్కువ. జాకెట్ సరిపోయినా ఆ మాట అంటారు. దానికి మందు లేదు, కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసెయ్. మిగిలింది బట్ట సంగతి, అది టైలర్ చూసుకుంటుంది.

ఫిట్_మామ్
నేను కాన్పు తర్వాత పధ్నాలుగు కిలోలు తగ్గాను, అందుకే చెబుతున్నా. అన్నం పూర్తిగా బంద్. పొద్దున ఏమీ తినకుండా పదహారు గంటల ఉపవాసం, తర్వాత గుడ్లు, పనీర్, కూరగాయలు. పడుకునే ముందు సునాముఖి టీ. రెండు నెలలు గట్టిగా చేస్తే జాకెట్ దానంతట అదే పడుతుంది. మనసుంటే మార్గముంటుంది అక్కా.

సిస్టర్_వనపర్తి
నేను స్టాఫ్ నర్సును, బాలింతల వార్డులోనే పని. ఫిట్_మామ్ గారూ, మీరు తగ్గినందుకు సంతోషం. కానీ పాలిచ్చే తల్లికి ఇది పనికిరాదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, బిడ్డ పుట్టిన మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ మామూలు తిండికి పైన 600 కిలో కేలరీలు అదనంగా కావాలి. ఏడో నెల నుంచి 520. ఈమెకు ఇప్పుడు ఆ రెండో లెక్క. పాలలోకి పోయే శక్తి అది. పదహారు గంటలు పస్తుంటే ముందు కళ్ళు తిరిగేది ఆమెకే, ఒళ్ళో పిల్ల ఉన్నప్పుడు. పాలు తగ్గినట్టు అనిపిస్తే ఇంట్లోవాళ్ళు వెంటనే డబ్బా పాలు తెస్తారు. అది ఇంకో కథ.

సునాముఖి విరేచనాల మందు. దానితో పోయేది నీళ్ళు, కొవ్వు కాదు. మర్నాడు నాలుగు గ్లాసుల నీళ్ళు తాగితే కాటా మళ్ళీ పాత చోటికే వస్తుంది. అది అలవాటుగా తాగాల్సిన టీ కాదు, పాలిచ్చేటప్పుడైతే డాక్టర్‌ను అడగకుండా అసలే వద్దు.

మిర్యాల చెల్లె, వారానికి అర కిలో వరకు తగ్గితే మంచిదే. ఆ లెక్కన రెండున్నర నెలల్లో ఐదు కిలోలు. అదీ అన్నీ కలిసొస్తే. ఆ ఐదూ చేతుల దగ్గరే తగ్గుతాయని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. అన్నం మానొద్దు. కంచంలో సగం కూర, పప్పు పెట్టుకో, గుడ్డు తిను, అన్నం ఒక పూట తగ్గించి జొన్న రొట్టె చేసుకో. చాయ్‌తో బిస్కెట్లు, మిక్చర్ మానేస్తే చాలామందికి అక్కడే తేడా తెలుస్తుంది.

ఐరన్ మాత్రలు ఆరు నెలలూ మింగావా? కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొకటి వాడాలి. చాలామంది పురుడు కాగానే డబ్బా పక్కన పెట్టేస్తారు.

ఫిట్_మామ్
నేను ఇదంతా చేసింది బాబు పాలు మానేశాకే, ఏడాదిన్నర దాటాక. అది ముందే రాయాల్సింది, ఇప్పుడు రాస్తున్నా. కానీ "జాకెట్ విప్పించుకో, నువ్వేం మారకు" అని అందరూ అనడం కూడా నాకు నచ్చదు. బరువు తగ్గాక నా మోకాళ్ళ నొప్పి పోయింది. ఆమెకు తగ్గాలని ఉంటే తగ్గనివ్వండి.

సిస్టర్_వనపర్తి
తగ్గొద్దని ఎవరూ అనలేదమ్మా. లగ్గం తేదీని చూసి తగ్గొద్దన్నాను, అంతే.

సూది_దారం
నల్లగొండలో జాకెట్లు కుడతాను, పెళ్ళిళ్ళ సీజన్‌లో నా దగ్గరికొచ్చే విప్పుడు పనిలో సగం బాలింతలదే. పెద్ద పోస్ట్ ఇది, ఓపిగ్గా చదువు.

జాకెట్ తిరగేసి చంక కింద సైడ్ కుట్టు చూడు చెల్లె. చెయ్యి తిరిగిన టైలర్ అయితే ముందు ముక్కకు, వెనక ముక్కకు చెరో ఇంచు దాకా గుడ్డ లోపల వదిలి, రెండు మూడు వరసల కుట్టు వేసి ఉంటారు. రెండు వైపులా కలిపి నాలుగు అంచులు. లెక్కకు నాలుగించులు, కానీ చివరి కుట్టు నిలవడానికి కొంచెం ఉంచాలి, కాబట్టి చేతికొచ్చేది మూడు. నాలుగు వేళ్ళ సందంటే దాదాపు మూడించులే. ప్రిన్సెస్ కట్ (ముందు వైపు రెండు నిలువు కుట్టులుండే జాకెట్) అయితే ఆ కుట్టుల్లో కూడా కొంచెం దొరుకుతుంది. అంటే ఒళ్ళు వరకు భయం లేదు.

చేతుల సంగతి వేరు. మగ్గం వర్క్ గుడ్డ కత్తిరించక ముందే చెక్క ఫ్రేము మీద బిగించి చేస్తారు. పని తెలిసినవాళ్ళు చేతి కుట్టు వచ్చే చోట ఇంచు ముందే డిజైన్ ఆపేస్తారు. అలా ఆపితే కుట్టు విప్పి వదలొచ్చు. డిజైన్ కుట్టులోకి పోయి ఉంటే, మార్జిన్‌లో ఉన్న పూసల్ని ప్లయర్‌తో నలిపి కుట్టి ఉంటారు, లేకపోతే మిషన్ సూది విరుగుతుంది. అక్కడ విప్పితే నలిగిన పూసల దారాలు, బోసి గుడ్డ కనపడతాయి. అప్పుడు చేతి కింది భాగంలో, చంక నుంచి అంచు దాకా, ఇంచున్నర వెడల్పు పట్టీ వేస్తాం. అదే రంగు రా సిల్క్ ఏ మ్యాచింగ్ సెంటర్‌లోనైనా దొరుకుతుంది. కాకపోతే పాత జాకెట్ పట్టుకెళ్ళి పగటి వెలుతురులో పోల్చు. ట్యూబ్ లైట్ కింద ప్రతి ఆకుపచ్చా ఒకేలా ఉంటుంది. చెయ్యి దించితే పట్టీ ఎవరికీ కనపడదు. చంకలో డైమండ్ ఆకారంలో ఇంకో చిన్న ముక్క వేస్తే చెయ్యి పైకెత్తడం సులువు. తలంబ్రాలకు చెయ్యెత్తాలి కదా.

పాత కుట్టు విప్పాక పట్టు మీద సూది రంధ్రాలు వరసగా కనపడతాయి. ఆవిరి పెట్టి గోటితో మెల్లగా రుద్దితే కొంత పోతాయి. మిగిలితే ఆ వరస మీద సన్నని జరీ దారం వేసి డిజైన్‌లో కలిపేస్తాను. విప్పిన చోట రంగు కొంచెం ముదురుగా ఉండొచ్చు, లోపల ఎండా చెమటా తగల్లేదు కాబట్టి.

ఇప్పుడు ఎవరూ అడగని సంగతి. లగ్గం రోజు పాపకు పాలెలా ఇస్తావు? నీ జాకెట్ వెనక హుక్కులు. ఫంక్షన్ హాల్లో పెళ్ళివారికి ఒక గది ఇస్తారు, అందులో సూట్‌కేసులు, పడుకున్న తాతలు, చీరలు మార్చుకునే పదిమంది. రెండు గంటలకోసారి ఎవరినో పిలిచి వెనక హుక్కులు విప్పించుకుని, జాకెట్ మొత్తం దించి, మళ్ళీ వేయించుకోవడం అయ్యే పని కాదు. పాప ఏడుస్తుంటే అసలే కాదు. ముందు మెడ చుట్టూ వర్క్ ఉంటే మధ్యలో కోసి హుక్కులు పెట్టలేం, డిజైన్ రెండు ముక్కలవుతుంది. ప్రిన్సెస్ కట్ అయితే ఒక దారి ఉంది. ఆ నిలువు కుట్టులో రెండు వైపులా కనపడని జిప్ పెట్టొచ్చు. పైన పైట ఉంటుంది, జిప్ దించితే చాలు. పోయిన శ్రావణంలో ఇద్దరికి ఇలా కుట్టాను, ఇద్దరూ ఫోన్ చేసి మరీ చెప్పారు. లోపల కాటన్ అస్తర్ మాత్రం రెండు పొరలు వెయ్యమను. పాలు కారితే రా సిల్క్ మీద మచ్చ పడుతుంది, డ్రై క్లీనింగ్‌కు ఇచ్చినా అంచు కనపడుతూనే ఉంటుంది.

కొలత పాపకు పాలిచ్చాక ఇవ్వొద్దు. ఇవ్వకముందు, బరువుగా ఉన్నప్పుడు ఇవ్వు. లోపల వేసుకునే బ్రా, ప్యాడ్‌లతో సహా. ఒకే మనిషికి పొద్దున, సాయంత్రం ఇంచు తేడా రావడం నేనే టేపుతో చూశాను.

ఇప్పుడే విప్పించకు. లగ్గానికి రెండు వారాల ముందు ఇస్తే చాలు. మిగిలిన గుడ్డ కత్తిరించొద్దని గట్టిగా చెప్పు. తర్వాత నువ్వు తగ్గితే మళ్ళీ లోపలికి వేసుకోవచ్చు. ఖర్చంటావా, ఇవన్నీ వందల్లో పోయే పనులు. కొత్త మగ్గం వర్క్ వేలల్లో.

మిర్యాల_అమ్మాయి
అక్కా, పాలిచ్చే సంగతి నాకు తట్టనే లేదు. అత్తమ్మకు చదివి వినిపిస్తే "ఈమె ఎవరో తెలివిగలది, దుకాణం ఎక్కడో అడుగు" అంది. అడ్రస్ ఇక్కడ వద్దులెండి.

జాకెట్ తిరగేసి చూశాం. సైడ్‌లో మీరన్నట్టే గుడ్డ ఉంది, మూడు వరసల కుట్టు. ప్రిన్సెస్ కట్టే. చేతుల్లో మాత్రం డిజైన్ కుట్టులోకి పోయింది. లోపల వేలుపెట్టి తడిమితే పూసల ముక్కలు గరగరమంటున్నాయి.

గద్వాల_జరీ
చీర సంగతి ఎవరూ మాట్లాడట్లేదు, మాది గద్వాల కాబట్టి ఆగలేక రాస్తున్నా. పెళ్ళయ్యాక ఒక్కసారైనా మడత మార్చారా అక్కా? ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే జరీ ఆ గీత మీదే చిట్లుతుంది. బయటకు తీసి, నీడలో గాలికి ఆరేసి, మడత తిప్పి పాత కాటన్ గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. సెంటు చీర మీద కొట్టొద్దు.

గద్వాల చీరలో ఒళ్ళు వేరు, అంచు వేరు. రెండిటి పోగుల్ని మగ్గం మీదే ఒకదానిలో ఒకటి చిక్కేసి కలుపుతారు, మా దగ్గర దాన్ని కుట్టు అనే అంటారు. పిన్నీసు సరిగ్గా ఆ కలిసే గీత మీద గుచ్చకండి. చంటిపిల్లను ఎత్తుకుంటే పైట గుంజుకుంటుంది, పిన్ను దగ్గర చిరిగేది అక్కడే. భుజం మీద పైట మడతలన్నీ కలిపి, లోపల చిన్న గుడ్డ ముక్క పెట్టి, దాంతో సహా పిన్ను పెట్టుకోండి.

కోదాడ_నాన్న
ఆడవాళ్ళ మధ్య దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆవిడ ఈ చర్చ చూపించి "చదువు" అంది, చదివాను. మా పెళ్ళి రిసెప్షన్ సూటు మొన్న వేసుకుంటే గుండీకి, కాజాకు మధ్య జానెడు దూరం ఉంది. నేనేం కాన్పు కాలేదు. మా బంధువుల్లో ఒక్కరు కూడా "అయ్యో, సూటు పట్టట్లేదా" అని అడగలేదు. కొత్తది కొనుక్కో అన్నారు. అంతే, విషయం అయిపోయింది.

ఒకటి మాత్రం తెలిసింది. బాబు పుట్టిన కొత్తలో రాత్రిళ్ళు మా ఆవిడకు నిద్రే లేదు. నిద్ర లేని మర్నాడు ఆమెకు ఆకలి ఎక్కువ, అందులోనూ తీపి. రాత్రి రెండు గంటల తర్వాత ఊపడం, గుడ్డలు మార్చడం నేను తీసుకున్నాక ఆమె పడుకుంది, పడుకున్నాక తిండి దారిలో పడింది. మిర్యాల చెల్లె వాళ్ళాయన ఇది చదివితే బాగుండు.

మిర్యాల_అమ్మాయి
అన్నా, చదివించాను. "అది సూటు గురించి కదా" అన్నాడు.

దేవరకొండ_పెద్దమ్మ
బిడ్డా, ఈ కాలం పిల్లలు నడికట్టు సరిగ్గా కట్టుకోరు, అందుకే పొట్ట నిలుస్తుంది. మా అమ్మ నాకు పాత నేత చీరతో మూడు నెలలు బిగించి కట్టింది. కాయం తిన్నాం, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి. నా పెళ్ళి రవికె నాకు ముగ్గురు పిల్లలయ్యాక కూడా పట్టింది. కట్టు కట్టుకో, అన్నీ సర్దుకుంటాయి.

ఫిజియో_జడ్చర్ల
పెద్దమ్మా, దండాలు. కట్టు నడుముకు ఆసరా ఇస్తుంది, ఆపరేషన్ అయినవాళ్ళకు లేచేటప్పుడు నొప్పి తగ్గిస్తుంది. అంతవరకు మంచిదే. కానీ అది కొవ్వును కరిగించదు, విడిపోయిన కండరాన్ని దగ్గరికి తేదు. ఊపిరి ఆడనంత బిగిస్తే ఒత్తిడంతా కిందికి, మూత్రాశయం మీదికి పోతుంది. తుమ్మితే మూత్రం చుక్కలు పడుతున్నాయని వచ్చేవాళ్ళలో ఇలా బిగించుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

మిర్యాల అమ్మాయి గారూ, పొట్ట ముందుకు ఉండటానికి బరువు ఒక్కటే కారణం కాదు. గర్భంలో బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట మధ్యలో నిలువునా ఉండే రెండు కండరాలు పక్కలకు జరుగుతాయి. కాన్పు తర్వాత చాలామందిలో మెల్లగా దగ్గరవుతాయి, కొందరిలో కావు. ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. బొడ్డు దగ్గర వేళ్ళను పక్కపక్కన అడ్డంగా ఉంచి, కొనలను పొట్టలోకి మెల్లగా నొక్కి, తల కొంచెం పైకెత్తండి. రెండు గట్టి అంచుల మధ్య వేళ్ళు దిగుతాయి. రెండు వేళ్ళ కంటే ఎక్కువ దిగితే, లేదా తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గీతలా ఉబ్బితే, ఫిజియో దగ్గరికి వెళ్ళండి. అప్పటిదాకా యూట్యూబ్ చూసి సిటప్స్, ప్లాంక్ వేయకండి, సందు పెరగొచ్చు.

వెల్లకిలా పడుకుని ఊపిరి వదులుతూ బొడ్డును లోపలికి లాగడం, మడమను నేల మీద మెల్లగా జార్చడం, పిరుదులు పైకెత్తడం, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి వదలడం, వీటితో మొదలుపెట్టండి. మీకు ఆపరేషన్ అయింది కాబట్టి డాక్టర్ ఒకసారి కుట్టు చూశాకే. నడక మాత్రం ఆపకండి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్ మీ దగ్గరే కదా, పొద్దున్నే సగం నల్లగొండ అక్కడే ఉంటుంది.

ఇంకోటి, గర్భంతో ఉన్నప్పుడు పక్కటెముకల గూడు కూడా విచ్చుకుంటుంది. కొందరికి అది పూర్తిగా పాత కొలతకు రాదు. పాత బరువుకు వచ్చినా జాకెట్ ఛాతీ కింద బిగుతుగా ఉండేది అందుకే. కొందరికి పాదాలు కూడా సైజు పెరుగుతాయి. పెళ్ళి చెప్పులు ముందే వేసి చూసుకోండి.

దేవరకొండ_పెద్దమ్మ
సరే బిడ్డా. కాయం మీద మాత్రం ఎవరూ మాట్లాడలేదు, అంటే అది మంచిదే అన్నట్టు.

సిస్టర్_వనపర్తి
పెద్దమ్మా, కాయంలో శొంఠి, మిరియం వరకు గొడవ లేదు. పిడికెడు కాయానికి పిడికెడు నెయ్యి, బెల్లం, అదీ రోజుకు మూడు పూటలు. బాలింతలు పడుకునే ఉంటారు, ఆ నెయ్యంతా ఎటు పోతుంది? రోజుకు ఓ చిన్న ఉండ చాలు. పత్యం పేరుతో కూరలు, పప్పులు ఆపి వట్టి అన్నం, కారప్పొడి, నెయ్యి పెట్టడంతోనే నాకు పేచీ. ఆ అన్నంతో కడుపు నిండుతుంది, రక్తం పెరగదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతలకు ఆరు నెలల దాకా ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. పత్యమని అత్తలు ఆ గుడ్డు కూడా తిననివ్వని ఇళ్ళు నాకు తెలుసు. ఏడో నెల నుంచి పిల్లకు బాలామృతం ప్యాకెట్ వస్తుంది. అది పిల్లకు. రుచి చూస్తూ చూస్తూ తల్లులు సగం ప్యాకెట్ లడ్డూలు చేసుకుని తినేస్తారు, తర్వాత బరువు తగ్గట్లేదంటారు. నేనూ తిన్నదాన్నే, బాగుంటుంది.

మిర్యాల చెల్లె, బాగా నీరసం, చలి ఓర్చుకోలేకపోవడం, తిండి తగ్గించినా కాటా కదలకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించు. కాన్పైన ఏడాదిలోపు కొందరికి తేడా చేస్తుంది. జుట్టు రాలడం మాత్రం మూడు నుంచి ఆరు నెలల మధ్య చాలామందికి ఉంటుంది, దానికి భయపడకు.

పాలమూరు_వదిన
ఒక హెచ్చరిక. హైదరాబాద్‌లో ఓ స్లిమ్మింగ్ సెంటర్ వాళ్ళు నా సోపతికి "మూడు వారాల్లో పెళ్ళి కొలత" అని చెప్పి ముందే డబ్బంతా కట్టించుకున్నారు. పొట్టకు ఏదో వేడి బెల్టు చుట్టి పడుకోబెట్టారు. వేసుకునేముందు కొలత, తీసిన వెంటనే కొలత. చెమట పట్టి అర ఇంచు తగ్గేది, ఇంటికొచ్చేసరికి మామూలే. పాలిస్తున్నావా అని ఒక్కరూ అడగలేదట. అక్కడిదాకా పోకు.

మిర్యాల_అమ్మాయి
నడక మొదలుపెట్టాను. పాపను అత్తమ్మ చూసుకుంటోంది. ఫిజియో అక్క చెప్పినట్టు పడుకుని చూస్తే రెండు వేళ్ళకు కొంచెం పైనే దిగాయి, ఇక్కడే ఒక ఫిజియో దగ్గరికి వెళ్తున్నాను. థైరాయిడ్ రిపోర్ట్ మామూలుగానే వచ్చింది. ఐరన్ మాత్రలు మధ్యలో ఆపేశాను, డాక్టర్ మళ్ళీ రాశారు.

నాకు నిజంగా గుచ్చుకుంటున్నది వేరే ఉంది. మా యారాలు (తోటికోడలు) కాన్పైన మూడు నెలలకే తన పెళ్ళి జాకెట్ వేసుకుని బతుకమ్మ ఆడింది. ఇంట్లో ప్రతిసారీ ఆ మాట వస్తుంది. ఆమె ఏమీ అనదు పాపం, చుట్టూ ఉన్నవాళ్ళే అంటారు.

పాలమూరు_వదిన
మీ యారాలి జాకెట్‌లో లోపల ఎన్ని ఇంచులు వదిలించుకుందో అడిగావా?

మిర్యాల_అమ్మాయి
అడిగాను వదినా! నవ్వింది. సైడ్ విప్పించి, హుక్కుల పట్టీ కొత్తది వేయించుకుందట. "ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు" అంది. ఇప్పుడు మేమిద్దరం ఒక జట్టు.

సూది_దారం
నా దగ్గరికి వచ్చేవాళ్ళు అందరూ "ఎవరికీ చెప్పకండి" అనే అంటారు. పండగలకు వాళ్ళే ఒకరినొకరు చూసి "నీకెట్లా పట్టింది" అనుకుంటారు.

ఫిట్_మామ్
ఇది చదివి నవ్వాగలేదు. మిర్యాల అక్కా, నడక అయ్యాక చేతులకు అర కిలో నీళ్ళ సీసాలతో వ్యాయామం చేయండి. చేతులే సన్నబడతాయని కాదు, ఏడు కిలోల పిల్లను రోజంతా ఎత్తుకోవాలి కదా, భుజాలు నొప్పి పెట్టకుండా.

మిర్యాల_అమ్మాయి
లగ్గం అయిపోయింది, నిన్ననే ఇల్లు సర్దుకున్నాం. అడిగినవాళ్ళందరికీ కలిపి రాస్తున్నా.

బరువు మూడున్నర కిలోలు తగ్గింది. ఫిజియో వ్యాయామాలతో పొట్ట కొంచెం గట్టిబడింది, వీపు నొప్పి బాగా తగ్గింది. జాకెట్ మాత్రం విప్పించక తప్పలేదు. సైడ్‌లో రెండున్నర ఇంచులు వదిలారు. చేతులకు కింద పట్టీ, చంకలో డైమండ్ ముక్క. పట్టీ రంగు కోసం మ్యాచింగ్ సెంటర్‌లో ముందు తీసుకున్న ముక్క బయటికొచ్చి చూస్తే నీలం కొట్టింది, మళ్ళీ లోపలికెళ్ళి మార్చాం. ముందు రెండు కుట్టుల్లో జిప్పులు. అది కుట్టడానికి మా టైలర్ మొదట ఒప్పుకోలేదు, ఈ పోస్ట్ చదివి వినిపిస్తే "ఎవరో తెలిసినామెనే రాసింది" అని కుట్టింది.

ఎదుర్కోళ్ళ నుంచి అప్పగింతల దాకా పాపకు నాలుగుసార్లు పాలిచ్చాను, ఒక్కసారి తప్ప ఎవరినీ పిలవలేదు. ఎడమ జిప్ ఒకసారి అస్తర్‌లో ఇరుక్కుంది, యారాలు వచ్చి తీసింది. లావయ్యానని పదిమంది అన్నారు. పెళ్ళికూతురి మేనత్త ఒకామె జాకెట్ వర్క్ ఎక్కడ చేయించావని అడిగింది, పట్టీ ఆమెకు కనపడలేదు.

చెప్పుల సంగతి ఫిజియో అక్క చెప్పింది కరెక్టే. పట్టలేదు. మా అమ్మవి వేసుకున్నాను.

గద్వాల_జరీ
పిన్ను ఎక్కడ పెట్టారు?

మిర్యాల_అమ్మాయి
మీరు చెప్పినట్టే, లోపల గుడ్డ ముక్క పెట్టి. పాప పైట పట్టుకుని వేలాడింది, చీరకు ఏమీ కాలేదు.

నాగర్‌కర్నూల్_కొత్తమ్మ
మొత్తం చదివాను అక్కా. నాది జాకెట్ కాదు, రిసెప్షన్ లెహంగా. బాబుకు నాలుగు నెలలు. నడుం దగ్గర అసలు పట్టట్లేదు. ఉగాది తర్వాత మా అన్న రిసెప్షన్ ఉంది. సూది_దారం అక్కా, దీనికేమైనా దారి ఉందా?

సూది_దారం
నడుముకు నాడానా, జిప్పా? నాడా అయితే పనే లేదు, లోపల నేఫా (నాడా దూర్చే పట్టీ) వదులు చేసి పొడుగు నాడా ఎక్కించుకో. జిప్ అయితే నడుం పట్టీ విప్పి, జిప్ పక్కన కలీ (నిలువు గుడ్డ ముక్క) ఒకటి కలపాలి, లేదా జిప్ తీసేసి ఆ చోట నాడా పెట్టాలి. క్యాన్‌క్యాన్ (లోపలి గట్టి నెట్ గుడ్డ) నడుం దాకా కుట్టి ఉంటే దాన్ని నాలుగించులు కిందికి దించమను, అక్కడే లావు కొడుతుంది. చోళీ చేతుల్లో వర్క్ కుట్టులోకి పోయిందో లేదో ముందు తిరగేసి చూసి చెప్పు.